సంపాదకుని మాట: జాత్యహంకారానికి నిర్వచనం

పుట్టుకను బట్టి ఒక జనసమూహం మరొకదానికంటే తక్కువదన్న నమ్మకమే జాత్యహంకారమన్నది వాడుకలోని అర్థం కాగా, 1965లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన జాతి వివక్ష నిర్మూలన ఒడంబడిక నమ్మకాన్ని దాటి ఆచరణపై దృష్టి నిలిపి, జాతి, రంగు, వంశం, జాతీయ లేదా తెగ మూలాల ఆధారంగా సమాన హక్కులకు భంగం కలిగించే భేదం ఉద్దేశపూర్వకమైనా, కేవలం ఫలితంగా ఏర్పడినా వివక్షేనని స్పష్టం చేసింది.

1967లో స్టోక్లీ కార్మైకేల్, చార్లెస్ హామిల్టన్ తమ ‘బ్లాక్ పవర్’ గ్రంథంలో వ్యక్తులు బాహాటంగా చేసే దాడినీ, సంస్థల నిత్య వ్యవహారాల్లో కలిసిపోయి సాగే అన్యాయాన్నీ వేరుచేసి చూపి, రెండవదానిని సంస్థాగత జాత్యహంకారం అన్నారు. 1993లో లండన్‌లో హత్యకు గురైన నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్ కేసుపై 1999లో వెలువడిన మాక్‌ఫర్సన్ నివేదిక మెట్రోపాలిటన్ పోలీసు వ్యవస్థలో ఈ దోషాన్నే గుర్తించింది గానీ, అందులోని ప్రతి అధికారీ జాత్యహంకారి అని అనలేదు.

పక్షపాతానికి అధికారం తోడైనప్పుడే అది జాత్యహంకారమవుతుందని, కనుక అణచివేతకు గురైనవారికి ఆ పేరు వర్తించదని కొందరు పండితులు వాదిస్తారు. ద్వేషం ఎవరిదైనా తప్పే అయినా, ఉద్యోగం, నివాసం, న్యాయం ఎవరికి దక్కాలో తేల్చగల శక్తి ఉన్నప్పుడు దాని హాని అనేక రెట్లు పెరుగుతుందన్నంత వరకు ఆ వాదన బలమైనది. అయితే అధికారం చోటును బట్టి మారుతుంది: అమెరికాలో వివక్షకు గురైన తెలుగువారే హైదరాబాదులో ఆఫ్రికా విద్యార్థికి రంగు చూసి ఇల్లు అద్దెకు నిరాకరిస్తే, అక్కడి బాధితత్వం ఇక్కడి అన్యాయాన్ని మాపదు. ఎవరు జాత్యహంకారి అన్న ప్రశ్నతో పాటు, ఏ నియమం, ఏ అలవాటు ఎవరి హక్కును హరిస్తున్నదన్న ప్రశ్నను కూడా పాఠకుల ముందుంచడమే ఈ సంచిక సంకల్పం.