విశాఖకు కంపెనీలు.. జిల్లాకు సర్టిఫికెట్లేనా?

శ్రీకాకుళం: విశాఖపట్నానికి పెద్ద కంప్యూటర్ కంపెనీలు వస్తున్నాయన్న వార్తతో జిల్లాలో బి.సి.ఎ., బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదువుతున్న విద్యార్థుల్లో ఆశలు చిగురించడం సహజమే. బతుకుతెరువు కోసం దశాబ్దాలుగా హైదరాబాద్‌కు, చెన్నైకి వలసపోతున్న జిల్లా ఇది. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే నెలజీతం దొరుకుతుందంటే ఏ తల్లిదండ్రులు కాదంటారు? అయితే ఆ ఉద్యోగం తలుపు తట్టేనాటికి జిల్లా విద్యార్థి చేతిలో పనితనం ఉంటుందా, సర్టిఫికెట్ మాత్రమే ఉంటుందా అన్నది ఇప్పుడే ఆలోచించవలసిన విషయం.

విశాఖలో టి.సి.ఎస్.కు 21.16 ఎకరాల భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి రాష్ట్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదించింది. అక్కడ 12 వేల ఉద్యోగాలు వస్తాయని ప్రకటించారు. కాగ్నిజెంట్‌కు కూడా అదే ధరకు భూమి ఇవ్వగా, 8 వేల ఉద్యోగాలు కల్పిస్తామని ఆ సంస్థ తెలిపింది. అదే ఏడాది అక్టోబర్ 14న గూగుల్ సంస్థ 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో విశాఖలో డేటా కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించింది. డేటా కేంద్రాలకు పెట్టుబడి ఎక్కువ, కట్టడం పూర్తయ్యాక నిత్యం పనిచేసే సిబ్బంది తక్కువ. డాలర్ల లెక్క చూసి ఉద్యోగాల లెక్క కట్టడం పొరపాటవుతుంది.

గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. విశాఖలో 12 వేల ఉద్యోగాలని చెప్పిన టి.సి.ఎస్. సంస్థే 2025 జూలైలో వివిధ దేశాల్లోని తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించనున్నట్లు వెల్లడించింది. ఆ కోత ఎక్కువగా మధ్యస్థాయి, పైస్థాయి ఉద్యోగులకు వర్తించేదే అయినా, కొత్తగా చేరబోయేవారికీ అందులో హెచ్చరిక ఉంది. తేలికపాటి ప్రోగ్రాములను నేడు కృత్రిమ మేధ క్షణాల్లో రాసిపెడుతున్నది. అది రాసిన దానిలో తప్పు పట్టగలవాడికే ఇకపై గిరాకీ ఉంటుంది.

పేరులో ఉన్నది పనిలో ఉన్నదా?

బి.సి.ఎ. అంటే కంప్యూటర్ అప్లికేషన్స్‌లో పట్టా. నేర్చిన శాస్త్రాన్ని పనికి అన్వయించడమే ఈ చదువు లక్ష్యం. పొందూరులో చేప దవడతో పత్తిని ఏకి సన్న నూలు వడికే విద్యను ఎవరూ పుస్తకం చదివి నేర్వలేదు. పక్కన కూర్చుని, తెగిన దారాన్ని మళ్లీ మళ్లీ అతుక్కుంటూ నేర్చారు. కంప్యూటర్ విద్య కూడా అటువంటిదే. జావా, పైథాన్, డేటాబేస్ వంటి పాఠాలను నల్లబల్ల మీద విని, గైడులో చదివి, పరీక్షలో రాసి నెగ్గవచ్చు. యంత్రం ముందు కూర్చుని, తప్పు వచ్చినప్పుడు దాని మూలం వెతికి సరిచేయడం మాత్రం అలవాటు కాదు. నాగావళి గట్టున కూర్చుని ఈత నేర్చినట్లే అవుతుంది.

ఈ లోపాన్ని ప్రభుత్వాలు గుర్తించలేదని అనలేము. నైపుణ్యమే ప్రధానంగా సాగే బి.వొకేషనల్ డిగ్రీలను 2014లో యు.జి.సి. ప్రవేశపెట్టింది. వాటిలో 60 శాతం నైపుణ్యానికి, 40 శాతం సాధారణ పాఠాలకు కేటాయించింది. బి.సి.ఎ. కోర్సు 2024-25 నుంచి అఖిల భారత సాంకేతిక విద్యామండలి పరిధిలోకి వచ్చింది. డిగ్రీలో అప్రెంటిస్‌షిప్‌ను కలిపే విధానానికి 2025లో యు.జి.సి. మార్గదర్శకాలు ఇచ్చింది. మన రాష్ట్రమైతే 2020-21లోనే మూడేళ్ల డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. కాగితం మీద చూస్తే ఇంతకంటే కావలసింది లేదు.

మొక్కుబడి తంతు

చిక్కల్లా ఆచరణలోనే ఉన్నది. వేలాది విద్యార్థులు ఒకేసారి ఇంటర్న్‌షిప్‌కు బయలుదేరితే, వారిని చేర్చుకునే సంస్థలు చిన్న పట్టణాల్లో ఎక్కడున్నాయి? ఆ ఖాళీని ఆన్‌లైన్ సర్టిఫికెట్లు నింపుతున్నాయి. కొద్దిపాటి రుసుము కట్టి, కొన్ని వీడియోలు చూసి, ఎవరో చేసిన ప్రాజెక్టుకు తన పేరు తగిలించుకుంటే తంతు ముగిసిపోయే చోట్లు లేకపోలేదు. కళాశాలకు లెక్క కుదురుతుంది, విద్యార్థికి మార్కులు పడతాయి. రేపు ఇంటర్వ్యూలో ఈ ప్రాజెక్టులో నీవు రాసిందేమిటని అడిగితే నోరు పెగలదు.

దీనికి తోడు భాష ఇబ్బంది. డిగ్రీ కోర్సులన్నీ 2021-22 నుంచి ఇంగ్లీషు మాధ్యమంలో నడపాలని రాష్ట్రం నిర్ణయించింది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పల్లెటూరి విద్యార్థికి తొలి ఏడాది అంతా పాఠం అర్థం చేసుకోవడంతోనే సరిపోతున్నది. ఇంట్లో కంప్యూటర్ లేనివారికి కళాశాల ప్రయోగశాలే దిక్కు. అది సాయంత్రానికి మూతపడితే సాధన చేసేదెక్కడ?

ఎవరేం చేయాలి?

ఇంటర్న్‌షిప్ కోసం అందరూ విశాఖ పరుగెత్తనక్కరలేదు. ఇచ్ఛాపురం విద్యార్థికి ఆ ప్రయాణం శ్రీకాకుళం వారికంటే రెట్టింపు పైనే అవుతుంది. పలాస జీడిపప్పు పరిశ్రమల్లో సరుకు నిల్వల లెక్కలు, సహకార సంఘాల పద్దులు, ఆస్పత్రుల రికార్డులు కంప్యూటర్‌కు ఎక్కవలసినవే. ఒక వ్యాపారి అవసరాన్ని విని, దానికి తగిన చిన్న ప్రోగ్రాము రాసి, అది నడిచేదాకా వెంట ఉన్న విద్యార్థికి పది సర్టిఫికెట్లు ఇవ్వలేని అనుభవం దొరుకుతుంది. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, కళాశాలలు కలిసి ఇటువంటి పనుల జాబితా తయారుచేయడం అసాధ్యమేమీ కాదు.

ప్రయోగశాలలను సాయంత్రం వేళ, సెలవు దినాల్లో తెరిచి ఉంచాలి. ప్రాజెక్టును కాగితాల బొత్తి చూసి కాక, విద్యార్థిని యంత్రం ముందు కూర్చోబెట్టి పరీక్షించాలి. 99 పైసలకు భూమి పొందిన కంపెనీలు ఉత్తరాంధ్ర డిగ్రీ విద్యార్థులకు ఏటా కొన్ని అప్రెంటిస్‌షిప్‌లు ఇచ్చేలా ప్రభుత్వం ఒప్పించాలి. అది దయాదాక్షిణ్యాల విషయం కాదు. ఆ భూమి ప్రజలది.

కళాశాలలో చేర్పించే ముందు తల్లిదండ్రులు భవనం రంగులు కాక, ప్రయోగశాలలో పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్ని, వారానికి ఎన్ని గంటలు వాటి ముందు కూర్చోనిస్తారు, నిరుటి విద్యార్థులు ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు అన్న మూడు ప్రశ్నలు అడగాలి. జవాబు సూటిగా రాకపోతే మరో కళాశాల చూసుకోవడం మేలు.

కూలి డబ్బు కూడబెట్టి బిడ్డను డిగ్రీ చదివించే కుటుంబానికి మూడేళ్లు చిన్న పెట్టుబడి కాదు. విశాఖలో భవనాలు లేచేలోగా ఇక్కడి ప్రయోగశాలల తలుపులు తెరుచుకోకపోతే, ఆ ఉద్యోగాలు ఇతర ప్రాంతాల వారికి దక్కుతాయి. పట్టా చేతబట్టుకున్న జిల్లా యువకుడు మళ్లీ రైలెక్కవలసే వస్తుంది.