కాటా ముల్లు కదలకపోతే నడక వ్యర్థమేనా?

తెల్లవారుజామున ఏ ఊరి పార్కుకు వెళ్ళినా, ఏ పాఠశాల మైదానం వైపు చూసినా వడివడిగా నడిచేవారు కనిపిస్తారు. వారిలో చాలామందిని ఆ దారి పట్టించింది పెరిగిన పొట్టో, బిగుతైన దుస్తులో, వైద్యుడు పెట్టిన చీవాట్లో అయివుంటుంది. రెండు మూడు నెలలు గడిచేసరికి కొందరు మాయమవుతారు. కారణం అడిగితే, “ఇన్నాళ్ళు నడిచినా కిలో అయినా తగ్గలేదు. ఇంకా దేనికండీ?” అంటారు. ఈ జవాబులో మొదటి వాక్యం చాలావరకు నిజం. రెండవది మాత్రం ప్రమాదకరం.

గుండెకూ ఊపిరితిత్తులకూ కొంతసేపు ఎడతెగకుండా పని కల్పించే వ్యాయామాలను, అంటే వడి నడక, పరుగు, ఈత, సైకిలు తొక్కడం, తాడాట వంటివాటిని నేడు వ్యాయామశాలల్లో ‘కార్డియో’ అంటున్నారు. అమెరికా వైమానిక దళంలో వైద్యుడుగా పనిచేసిన కెన్నెత్ కూపర్ 1968లో ప్రచురించిన పుస్తకంతో వీటికి ‘ఏరోబిక్స్’ అన్న పేరు లోకమంతా వ్యాపించింది. 12 నిమిషాలలో మనిషి ఎంత దూరం పరుగెత్తగలడో కూపర్ కొలిచేవాడు. నడుము చుట్టుకొలత ఆయన పరీక్షలో భాగం కాదు. ఈ సంగతి మనం మరచిపోయి, ఈ వ్యాయామాలన్నింటినీ కొవ్వు కరిగించే యంత్రాలుగా భావించడం మొదలుపెట్టాం. ఆశాభంగానికి మూలం అక్కడే ఉన్నది.

లెక్క వేసి చూద్దాం. 70 కిలోల మనిషి గంటసేపు వడిగా నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటికంటె అదనంగా ఖర్చయ్యేది సుమారు 175 నుంచి 200 కేలరీలు. ఒక కిలో కొవ్వులో నిలవ ఉండే శక్తి సుమారు 7,700 కేలరీలు. అంటే తిండిలో ఒక్క మెతుకు కూడా పెరగకుండా రోజూ గంట నడిస్తే, కిలో కొవ్వు తరగడానికి దాదాపు 40 రోజులు కావాలి. “ఒక్క మెతుకు కూడా పెరగకుండా” అన్న షరతును గమనించండి. పెద్ద చెంచాడు నూనెలో 120 కేలరీలు ఉంటాయి. నడక ముగించి పార్కు గేటు ఎదుటి టిఫిను బండి వద్ద రెండు గారెలు తిన్నవాడు అప్పుడే ఖర్చు చేసినదాన్ని దాదాపు అణా పైసలతో సహా తిరిగి జమ కట్టుకున్నట్టే. పైగా “ఈ రోజు నడిచాను కదా” అన్న ధీమాతో మధ్యాహ్నం మరొక గరిటె అన్నం వడ్డించుకునేవారూ, అలసటతో సాయంత్రమంతా కుర్చీకి అంటుకుపోయేవారూ ఉన్నారు.

కొవ్వు చెమటగా కారిపోతుందన్న నమ్మకం మరొకటి. మే నెల ఎండలో దళసరి బట్టలు తొడుక్కుని, కొందరైతే ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకుని పరుగెత్తడం దీని ఫలితమే. చెమటతో తగ్గేది నీటి బరువు. రెండు గ్లాసుల నీళ్ళు తాగగానే అది యథాస్థానానికి వస్తుంది. దేహంలో దహనమైన కొవ్వు ఎటు పోతుందో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్‌లు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్కకట్టి చూపారు. పది కిలోల కొవ్వు తరిగితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితోనే బయటికి పోతుంది. మిగిలిన 1.6 కిలోలే నీరు. వైద్యులను అడిగినా వారిలో చాలామంది ఈ ప్రశ్నకు తప్పు జవాబే చెప్పారట! అయితే ఊపిరి గట్టిగా వదిలినంత మాత్రాన కొవ్వు కరగదు సుమా. కండరం పనిచేసినప్పుడే ఆ వాయువు అదనంగా పుడుతుంది.

వ్యాయామశాలల్లోని నడక యంత్రాల మీద ‘కొవ్వు కరిగే వేగం’ అని ఒక గీత గీసి ఉంటుంది. నెమ్మదిగా నడిచినప్పుడు ఖర్చయ్యే ఇంధనంలో కొవ్వు పాలు ఎక్కువన్న మాట వాస్తవమే. కాని మొత్తం ఖర్చు తక్కువ. పెద్ద మొత్తంలో చిన్న పాలూ, చిన్న మొత్తంలో పెద్ద పాలూ చివరికి ఇంచుమించు ఒకటే అవుతాయి. దేహం లెక్క తేలేది రోజు మొత్తం మీద గనుక ఆ గీతను పట్టించుకోనవసరం లేదు.

తిండికీ పనికీ గల సంబంధాన్ని గురించి మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన నేటికీ ప్రపంచమంతటా ఉదాహరణకు వస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మేయర్ భారతీయ సహచరులతో కలసి పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లులో 213 మందిని పరిశీలించి 1956లో ఫలితాలు ప్రకటించాడు. బజారులో దుకాణం పెట్టుకుని రోజంతా కూర్చునేవారు, గుమాస్తాలు, నేతగాళ్ళు, బస్తాలు మోసే కూలీలు అందరూ అందులో ఉన్నారు. తేలికపాటి పని నుంచి కఠినమైన పని వరకు, పని పెరిగినకొద్దీ తిండి పెరిగింది. బరువులో మాత్రం పెద్ద తేడా లేదు. విచిత్రం మరొక చివర కనబడింది. బొత్తిగా కదలని దుకాణదారులు తేలికపాటి పనివారికంటె తక్కువ తినవలసింది పోయి, బస్తాలు మోసేవారితో సమానంగా తింటున్నారు. అందరిలోకీ లావుగా ఉన్నదీ వారే.

ఈ మిల్లు చెప్పే పాఠంలో రెండు ముఖాలున్నాయి. కదలిక ఒక మోస్తరు కూడా లేనప్పుడు ఆకలి అదుపు తప్పుతుంది. కదలిక పెరిగేకొద్దీ ఆకలి దానికి సరితూగేలా పెరుగుతుంది. కాబట్టి నడక ఆకలికి పగ్గం వేయగలదే కాని, పేరిన కొవ్వును తానొక్కటే తీసివేయడం అరుదు. బరువు తగ్గించే పని ముఖ్యంగా వంటింటిది. తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా కాపాడటంలో మాత్రం వ్యాయామానికి సాటి లేదు. అమెరికాలో బరువు తగ్గి, దానిని ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్నవారి వివరాలను 1994 నుంచి ఒక పట్టికలో నమోదు చేస్తున్నారు. వారిలో అత్యధికుల దినచర్యలో సుమారు గంట వ్యాయామం ఉన్నది.

అయితే కాటా చూపించని లాభం మాటేమిటి? దాన్ని మొట్టమొదట స్పష్టంగా చూపినది లండన్ నగరపు రెండంతస్తుల బస్సులు. ఆ బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చుని ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ పని రోజులో 500 నుంచి 750 దాకా మెట్లు ఎక్కుతాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకే స్థాయి జీవితం. సుమారు 31 వేలమంది రవాణా ఉద్యోగులను పరిశీలించిన జెర్రీ మోరిస్ బృందం 1953లో లాన్సెట్ పత్రికలో వెల్లడించిన సంగతి ఇది: కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ, వచ్చినా ఆలస్యంగా వస్తున్నది, ఆకస్మిక మరణాలు మరీ తక్కువ. అంతవరకు గుండెజబ్బుకూ కూర్చుని చేసే పనికీ సంబంధం ఉన్నదన్న ఊహ పెద్దగా ఎవరికీ తట్టలేదు.

విమర్శకులు ఊరుకుంటారా? డ్రైవర్లు మొదటి నుంచీ లావుపాటివారేమో అన్నారు. మోరిస్ బృందం దానిని త్రోసిపుచ్చలేదు. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫారాల కొలతల పుస్తకాలు తిరగవేసి, డ్రైవర్ల పంట్లాముల నడుము కొలత నిజంగానే ఎక్కువని 1956లో వారే ప్రకటించారు. కాని సన్నని డ్రైవరును సన్నని కండక్టరుతోనూ, లావుపాటి డ్రైవరును లావుపాటి కండక్టరుతోనూ పోల్చినా, మెట్లెక్కేవాడి గుండెకే మేలు కనిపించింది. దర్జీ పుస్తకంలో వైద్యశాస్త్రాన్ని వెతికిన ఆ ఓపికకు జోహారనవలసిందే. మోరిస్ తాను కూడా వ్యాయామం విడువలేదు. 2009లో, 99 ఏళ్ళ వయస్సులో మరణించాడు.

లోపల జరిగేది ఇది. క్రమంగా వ్యాయామం చేసేవారి గుండె ప్రతి స్పందనకూ ఎక్కువ రక్తాన్ని చిమ్మగలుగుతుంది. కనుక విశ్రాంతి వేళ తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. నాడి నిమిషానికి పది తగ్గినా, రోజుకు 14,400 స్పందనల శ్రమ తప్పినట్టే. కండరాలలో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. కణాలలో ప్రాణవాయువుతో ఇంధనాన్ని మండించే మైటోకాండ్రియాలు అధికమవుతాయి. రక్తపు పోటు కొంత దిగుతుంది. పనిచేసే కండరం ఇన్సులిన్ కోసం కాచుకుని ఉండకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుంది. పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకునే కొవ్వు చర్మం కిందిదానికంటె హానికరం. బరువు మారకపోయినా ఈ లోపలి కొవ్వు వ్యాయామంతో తగ్గుతుందని ఎన్నో ప్రయోగాలు నిరూపించాయి.

ఈ చివరి మాట మన దేశీయులకు మరీ ముఖ్యం. పుణెలోని డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లోని డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఛాయాచిత్రం ఒకటి 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఎత్తునుబట్టి బరువును లెక్కగట్టే సూచిక ఇద్దరికీ 22.3. అంటే కాటా దృష్టిలో ఇద్దరూ ఒక్కటే, ఇద్దరూ సన్ననివారే. దేహంలో కొవ్వు శాతం కొలిస్తే యుడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2! సన్నగా కనిపించే భారతీయుడి దేహంలో కొవ్వు ఎంత దాగి ఉంటుందో ఆ చిత్రం చెప్పింది. అందుచేత మనకు కాటాకంటె కొలత టేపు నమ్మదగిన సాక్షి. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనం ఇంకా గట్టి సాక్ష్యం. మధుమేహం అంచున ఉన్న 531 మందిని వారు మూడేళ్ళపాటు గమనించారు. మామూలు సలహాతో సరిపెట్టినవారిలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. ఆహారంలో మార్పులు చేసుకుని, రోజుకు అరగంట వడిగా నడిచేలా ప్రోత్సాహం పొందినవారిలో నూటికి 39 మందికే వచ్చింది. ఇందులో తిండి వంతు ఎంత, నడక వంతు ఎంత అని విడదీయలేము. విశేషమేమంటే, ఈ రెండవ వర్గంవారి బరువు చెప్పుకోదగినంత తగ్గనేలేదు. బరువు తగ్గలేదని వారు మధ్యలోనే మానివేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల కఠిన శ్రమ అవసరం. మధ్యరకం శ్రమకు పరికరాలేవీ లేని కొలత ఒకటున్నది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పక్కవారితో ఊరి సంగతులన్నీ తీరిగ్గా చెప్పుకుంటూ సాగే నడక స్నేహానికి మంచిదే కాని గుండెకు చాలదు. దీనికి తోడు వారానికి రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలి. గుంజిళ్ళు, దండాలు, బరువులెత్తడం ఏదైనా సరే. తిండి తగ్గించి బరువు దించుకునేవారు కొవ్వుతోపాటు కండనూ పోగొట్టుకుంటారు. ఆ నష్టాన్ని నడక ఒక్కటే పూడ్చలేదు. మన నడకరాయుళ్ళలో ఎక్కువమంది ఉపేక్షించేది దీనినే.

“ఇంటి చాకిరీ చాలదా?” అని గృహిణులు అడిగే ప్రశ్న న్యాయమైనదే. బిందెలతో నీళ్ళు మోసే స్త్రీకీ, నాట్లు వేసే కూలీకీ వ్యాయామం బోధించడం అవివేకం. వారికి కావలసినది విశ్రాంతి, కడుపునిండా తిండి. కాని మిక్సీ, వాషింగ్ మెషీను వచ్చిన ఇంట పని ఆగి ఆగి సాగుతుంది. గుండె వేగం పెరిగేలోపే ఒక పని ముగుస్తుంది. వీధిలో ఒంటరిగా నడిచే వీలు లేనివారికి మేడ మెట్లున్నాయి, డాబా ఉన్నది. మెట్లకు మించిన వ్యాయామశాల లేదని లండన్ కండక్టర్లను చూస్తే తెలుస్తుంది. భోజనం తరువాత పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిచినా రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. నడుస్తున్నప్పుడు ఛాతీలో బిగపట్టినట్టు ఉండటం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే ఆగి వైద్యసహాయం పొందాలి. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి వ్యాయామ సమయంలో చక్కెర మరీ పడిపోవచ్చు. వారు మోతాదు విషయం వైద్యునితో ముందే మాట్లాడుకోవాలి. మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా నడవరాదు. మోకాళ్ళు నొప్పెట్టేవారికి సైకిలు, ఈత అనుకూలం. ఢిల్లీ వంటి నగరాల్లో శీతాకాలపు పొగమంచు దట్టంగా కమ్మిన ఉదయాల్లో ఆరుబయట పరుగెత్తడంకంటె ఇంట్లో మెట్లెక్కడం మేలు.

ఇక కాటా సంగతి. నెలకొకసారి చూడండి, తప్పులేదు. దాని పక్కనే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, ఉదయం మంచం దిగకముందు నాడి నిమిషానికి ఎంత ఉన్నదీ, నాభి దగ్గర నడుము కొలత ఎంత ఉన్నదీ, మూడవ అంతస్తు ఎక్కేసరికి ఎన్నిసార్లు ఆగవలసి వచ్చినదీ రాసుకోండి. ఆ పుస్తకంలో మొదట మారేది మెట్ల లెక్క. నాడి లెక్క సాధారణంగా కొన్ని వారాలు తీసుకుంటుంది.