ఏడేళ్లకు చూపించాలి, క్లిప్పులు మాత్రం అందరికీ వద్దు

రెండో తరగతో మూడో తరగతో చదివే పిల్లలు నవ్వితే చాలామందిలో ఒకటే పోలిక. కొత్తగా వచ్చిన రెండు పై ముందుపళ్లు మొహానికి మించిన సైజులో, మధ్యన సందుతో, పక్కలకు విచ్చుకుని ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ల బెంగ అక్కడ మొదలవుతుంది. నిజానికి ఈ సందుల్లో చాలావరకు ఎదుగుదలలో ఒక మజిలీ. పదకొండు, పన్నెండేళ్లకు పై కోరపళ్లు దిగేసరికి ముందుపళ్లు దగ్గరకు జరిగి, సందు దానంతటదే పూడుతుంది. క్లీవ్‌లాండ్‌లో పిల్లల తలలకు ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీసి పరిశీలించిన హోలీ బ్రాడ్‌బెంట్ ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలోనే ఈ దశను వివరించాడు.

అలాంటి పిల్లకు ఎనిమిదేళ్లకు ఒకసారి, పన్నెండేళ్లకు మరోసారి క్లిప్పులు వేస్తామని ఎవరైనా చెబితే, తల్లిదండ్రులు డబ్బు కట్టేముందు ఆగి ఆలోచించాలి.

పిల్లలకు ఏడేళ్లు వచ్చేసరికి ఒకసారి ఆర్థోడాంటిస్ట్‌కు చూపించాలని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ సలహా ఇస్తోంది. సలహా మంచిదే. ఆ వయసుకు తొలి శాశ్వత దవడపళ్లు, కొన్ని ముందుపళ్లు వచ్చి ఉంటాయి కాబట్టి దవడలు ఎలా పెరుగుతున్నాయో, చోటు సరిపోతుందో లేదో కొంత తెలుస్తుంది. కానీ ఆ సంస్థ చెప్పింది పరీక్ష గురించి. చూపించిన పిల్లలందరికీ వైద్యం మొదలుపెట్టమని కాదు.

ఎత్తుపళ్ల సంగతే తీసుకుందాం. ముందుగా మొదలుపెట్టి రెండు దశల్లో సరిచేయడం మేలా, లేక పన్నెండేళ్లప్పుడు ఒకేసారి చేయడం మేలా? నార్త్ కరోలినా, ఫ్లోరిడా, బ్రిటన్ పరిశోధకులు పిల్లలను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి ఏళ్ల పాటు గమనించారు. వీటితో సహా ఎత్తుపళ్ల వైద్యంపై జరిగిన 27 ప్రయోగాలను, వాటిలోని 1251 మందిని పరిశీలించిన కొక్రేన్ సంస్థ సమీక్ష 2018లో వెలువడింది. ముందుగా మొదలుపెట్టిన పిల్లల్లో ముందుపళ్లకు దెబ్బ తగలడం తగ్గింది. చివరికి పళ్ల అమరికలో గానీ, దవడల పొందికలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఒక్క లాభాన్నీ తీసిపారేయకూడదు. పెదవులు మూసుకోనంతగా పళ్లు ముందుకొచ్చి, ఆటల్లో తరచూ పడే పిల్లవాడికి, బడిలో వెక్కిరింపులతో కుమిలిపోయే పాపకు ముందుగా వైద్యం చేయడం న్యాయమే. కొద్దిపాటి ఎత్తుపళ్లున్న అందరినీ అదే దారి పట్టించడమే తప్పు.

ఆగితే నష్టపోయే పిల్లలూ ఉన్నారు. కింది పళ్లు పై పళ్ల కంటే ముందుకు వచ్చిన పిల్లలు వారిలో ముఖ్యులు. బ్రిటన్‌లో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు మొహానికి తగిలించే ఫేస్‌మాస్క్‌తో పై దవడను ముందుకు లాగి, ఆరేళ్ల తర్వాత చూశారు. దవడ ఆపరేషన్ అవసరమని తేలినవారు ఆ గుంపులో 36 శాతం, వైద్యం చేయని గుంపులో 66 శాతం. ఎదిగే వయసు దాటితే ఈ అవకాశం మళ్లీ రాదు. పై దవడ ఇరుకై, నోరు మూసినప్పుడల్లా కింది దవడ పక్కకు జరిగే పిల్లలకూ ఆలస్యం మంచిది కాదు.

కోరపళ్ల కథ మరీ ఆశ్చర్యం. కొందరు పిల్లల్లో పై కోరపన్ను దారి తప్పి అంగిలి వైపు పోతుంది. తొమ్మిది, పదేళ్లప్పుడు చిగురు మీద వేలితో తడిమి చూస్తే అనుమానం వస్తుంది, ఎక్స్‌రేతో తేలిపోతుంది. స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ అలాంటి చోట పాల కోరపన్నును తీసేసి ఊరుకున్నారు. 1988లో వారు ప్రచురించిన ఫలితాల్లో 46 కోరపళ్లలో 36 సరైన దారికి వచ్చాయి. క్లిప్పు లేదు, తీగ లేదు. సరైన సమయానికి చూడటమే అసలు వైద్యమైంది.

మన ఇళ్లలో ఇంతకంటే తేలికగా ఆపగల నష్టం ఒకటుంది. “పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోతుంది” అని పుచ్చిన దవడపన్నును వదిలేస్తారు. పాల దవడపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. ఆరేడేళ్లకే పీకేస్తే వెనకున్న శాశ్వత పన్ను ముందుకు జరిగి, కింద నుంచి రావాల్సిన పన్నుకు చోటు లేకుండా చేస్తుంది. ఆ తర్వాత వంకరపళ్లని క్లిప్పులకు పరుగెత్తడం మామూలే. పుచ్చును వేళకు నింపించడం, తీయక తప్పకపోతే ఆ ఖాళీ పోకుండా స్పేస్ మెయింటెయినర్ పెట్టించడం క్లిప్పుల ఖర్చుతో పోలిస్తే చాలా చిన్న పని. ఈ మాట బడుల్లో, అంగన్‌వాడీల్లో గట్టిగా చెప్పాలి.

రెండు దశలంటే ఖర్చు ఒక్కటే కాదు. ఎనిమిదేళ్లకు ఉపకరణాలతో విసిగిన పిల్ల పన్నెండేళ్లకు అసలు వైద్యానికి సహకరించకపోవచ్చు. సరిగా తోముకోకపోతే తీగల చుట్టూ పళ్లు పుచ్చుతాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు మరో చిక్కు: అక్కడి దంత బీమాల్లో చాలావాటికి ఆర్థోడాంటిక్ వైద్యానికి జీవితకాల పరిమితి ఉంటుంది. మొదటి దశకే అది అయిపోతే రెండో దశ భారం జేబు మీదే. ఇక్కడ చాలా ఇళ్లలో రెండు దశలకూ సొంత డబ్బే వాయిదాల్లో కట్టాలి. బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవలో పద్దెనిమిదేళ్లలోపు వారికి క్లిప్పులు ఉచితమే అయినా, సమస్య తీవ్రతను కొలిచి అవసరమైనవారికే ఇస్తారు. అక్కడ ఎక్కువమందికి పన్నెండేళ్ల ప్రాంతంలోనే మొదలవుతుంది.

అందుకే డాక్టరును మొహమాటం లేకుండా అడగండి. ఇప్పుడు చేయకపోతే కచ్చితంగా ఏం చెడిపోతుంది? చేసినా రెండో దశ తప్పదా, రెండింటికీ కలిపి ఎంతవుతుంది? జవాబు తృప్తిగా లేకపోతే మరొకరికి చూపించండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. “ఆరు నెలలాగి మళ్లీ చూద్దాం” అని చెప్పే డాక్టరు దొరికితే ఆయన్ను వదులుకోకండి.