ఇంటిదొంగ

కిందటి సంచికలో ఇత్తడి కిరోసిన్ స్టవ్వు గురించి రాశాను కదా. "పిన్ను పెట్టి పొడిస్తే బాగుపడే వస్తువు గురించి ఎవరైనా రాస్తారు. ఎక్కడ పొడవాలో తెలియని దాని గురించి రాయండి చూద్దాం" అని మైసూరు నుంచి ఒక పాఠకుడి ఉత్తరం. అలాంటిది మా ఇంట్లోనే ఒకటుంది. మా మేనమామ కారు.

మామయ్య ఇంగ్లండులో డాక్టరుగా పనిచేసి, 1986లో బెంగుళూరుకు తిరిగి వస్తూ వెంట తెచ్చుకున్న జర్మనీ కారు అది. అప్పట్లో మన రోడ్ల మీద తిరిగే అంబాసిడరుకూ, ఫియట్‌కూ కార్బొరేటరే. దీనికి అది లేదు. ఆ రోజుల్లో చాలా యూరప్ కార్లకు పెట్టిన ఎల్-జెట్రానిక్ అనే ఇంజెక్షన్ పద్ధతి. 'ఎల్' అంటే జర్మన్ భాషలో 'లుఫ్ట్', గాలి. ఇంజన్లోకి పోయే గాలి దారిలో ఒక రేకు తలుపును తోస్తుంది. అది ఎంత తెరుచుకుందో చూసుకుని ఒక చిన్న కంప్యూటరు పెట్టె, ఇంజెక్టర్లను సెకనులో వెయ్యో వంతుల లెక్కన తెరిచి పెట్రోలు చిమ్మిస్తుంది. తూకంలో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి ఉంటే సరిగ్గా మండుతుంది. పెట్రోలు పాలు ఎక్కువైతే మెకానిక్కులు దాన్ని 'రిచ్' అంటారు. పేరుకే రిచ్, మనకు దరిద్రం.

రెండేళ్ళ కిందట ఈ కారు లీటరుకు 8 కిలోమీటర్ల నుంచి 5కు పడిపోయింది. పెట్రోలు లెక్క పుస్తకంలో రాయడం మామయ్యకు మొదటినుంచీ అలవాటు. ఆ పుస్తకం నా చేతికిచ్చి, "ఒరేయ్, బ్యాంకువాడివి కదా, చూడు" అన్నాడు. చూశాను. మూడు నెలల్లో తిరిగింది 900 కిలోమీటర్లు. పోయించింది 180 లీటర్లు. పట్టవలసింది 112. తేడా 68 లీటర్లు. పెట్రోలు పోయించుకొచ్చేది డ్రైవరు, పదిహేడేళ్ళుగా ఉన్నవాడు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడురా" అన్నాడు మామయ్య. లెక్క తేల్చింది నేనే గనుక కాదనలేదు. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. "ఇకనుంచి పెట్రోలు మావాడు పోయిస్తాడు" అని చెప్పాడు మామయ్య, అంతే. ఆ నెల జీతం తీసుకున్నాక అతను మళ్ళీ రాలేదు.

తర్వాత రెండు నెలలు బంకుకు నేనే వెళ్ళాను. మీటరు సున్నా చూసి మరీ పోయించాను. లీటరుకు 5 కిలోమీటర్లే. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ అంకె చూసి కూడా మొదట నాకు తట్టింది బంకువాడు మోసం చేస్తున్నాడని.

ఇరుగుపొరుగువాళ్ళు ఇథనాల్ అన్నారు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం కలుపుతున్నారు కదా. దానిలో శక్తి తక్కువ, మైలేజీ కొంత తగ్గడం నిజమే. మూడో వంతుకు పైగా తగ్గదు. పైగా ఇథనాల్ మండడానికి తక్కువ గాలి చాలు. దానికి తగ్గట్టు కొలత మార్చుకునే ఏర్పాటు ఈ పాత కారుకు లేదు. అంచేత మిశ్రమం పలచబడాలే తప్ప చిక్కబడకూడదు. మా కారు పొగగొట్టం చివర చూస్తే కాటుక పెట్టుకోవచ్చు!

ఒక వర్క్‌షాపులో ఇచ్చాం. ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టరు మార్చారు, ఇంజను వేడి చెప్పే సెన్సారు మార్చారు. చివరికి గాలి మీటరు పక్కనున్న స్క్రూ తిప్పి మిశ్రమాన్ని పలచన చేశారు. పొగ తగ్గింది, పొద్దున్నే స్టార్టు కావడం మానేసింది. స్క్రూ మళ్ళీ వెనక్కి తిప్పించాం. ఈలోగా డిప్‌స్టిక్కు మీద ఆయిలు మట్టం పెరిగింది. బండి ఆయిలు తాగడం లేదని మామయ్య సంతోషించాడు. వాసన చూస్తే పెట్రోలు. మండని పెట్రోలు సిలిండరు గోడల మీదుగా కిందికి జారి ఆయిల్లో కలిస్తే, ఆయిలు పలచబడి బేరింగులు అరుగుతాయి. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపితే ఇంజనే పోయేది.

అప్పుడు కారుతో వచ్చిన ఇంగ్లీషు మాన్యువల్ తీశాను. మా వీధిలో టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి తన మల్టీమీటరు తెచ్చారు. పెట్రోలు ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటరు గాలి గొట్టం పీకి చూశాం: లోపల పొర చిరిగితే ఆ గొట్టంలో పెట్రోలు తడి కనిపిస్తుంది. పొడిగానే ఉంది. చలి స్టార్టు ఇంజెక్టరును బయటికి తీసి గ్లాసు మీద పట్టుకున్నాం. ఒక్క చుక్క కారలేదు. (ఈ పని చేసేటప్పుడు దరిదాపుల్లో అగ్గిపుల్ల ఉండకూడదు.)

ఇక మిగిలింది ఆ సెన్సారు. కొత్తది వేశారు గదా అని నేను దాన్ని వదిలేశాను. నిజానికి మొదట చూడవలసింది అటువైపే. చల్లగా ఉన్నంతసేపూ ఇంజను హాయిగా నడిచి, వేడెక్కాకే తడబడుతూ నల్ల పొగ వదిలేది. చల్లటి ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావాలి, కాగిన కొద్దీ తగ్గించాలి. ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళలో మునిగి ఉండే సెన్సారు ఆ కబురు పెట్టెకు చేరవేస్తుంది. నీళ్ళు 20 డిగ్రీల దగ్గరుంటే దాని నిరోధం సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీలకు 300 పైచిలుకు.

ఇంజను బాగా కాగాక ఆపి, సెన్సారు దగ్గరే కొలిచాం. 320. నిక్షేపం. "ఇంకో కొసన కూడా చూద్దామండీ, టెలిఫోన్ లైనైనా అంతే" అన్నారాయన. సెన్సారుకు కనెక్టరు తగిలించి, పెట్టె దగ్గర ప్లగ్గు పీకి అవే రెండు తీగల మధ్య కొలిస్తే 2,000 దాటింది. సాక్షి ఒకడే, వాంగ్మూలాలు రెండు! కనెక్టరు రబ్బరు తొడుగు వెనక్కి లాగితే లోపల పచ్చగా చిలుము. నలభై ఏళ్ళ వానలకు పట్టిన ఆ పొరలోనే 1,700 ఓములు దాక్కున్నాయి. ఇంజను కాగిపోతున్నా, పెట్టెకు మాత్రం రోజంతా 25 డిగ్రీల పొద్దుటి పూటే. తనకందిన లెక్క ప్రకారం అది న్యాయంగానే పోస్తోంది. తప్పు చూపే దీపం ఆ కాలపు కార్లకు లేదు.

కనెక్టరు మార్చాం, ఆయిలు మార్చాం. పొగ పరీక్ష కేంద్రంలో కార్బన్ మోనాక్సైడు చూసుకుంటూ స్క్రూ సరిచేయించాం. ఇథనాల్‌కు పాత రబ్బరు ఆగదని పెట్రోలు గొట్టాలు కూడా మార్పించాను. లీటరుకు మళ్ళీ 8కి దగ్గరగా వచ్చింది.

ఆ అంకె రాద్దామని పుస్తకం తెరిచి వెనక్కి తిప్పాను. కుడి పక్కన 'వివరాలు' అనే గడి ఒకటుంది. అంకెలు కూడేటప్పుడు నేను దాని జోలికే పోలేదు. మైలేజీ పడిపోయిన మొదటి నెలలోనే మామయ్య చేతిరాత: "పొగ నల్లగా వస్తోందని డ్రైవరు." ఆ రోజు అతను "సార్, కప్పు హొగె బర్తా ఇదె" అనడం నాకూ గుర్తొచ్చింది.

పుస్తకం మామయ్య ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "ఒరేయ్, బండి తియ్యి" అన్నాడు.

అతను ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతున్నాడు. మమ్మల్ని చూసి ఇంట్లోంచి వచ్చి నిలబడ్డాడు. మామయ్య చెప్పవలసింది చెప్పాడు, తడబడుతూనే. అతను ఏమీ అనకుండా కారు వెనక్కి వెళ్ళి, వంగి పొగగొట్టంలో వేలు తిప్పాడు. వేలికి అంటిన బూడిదరంగు మాకు చూపించి, "ఈగ సరియాగిదె సార్" అన్నాడు.