అద్దెకున్నవాళ్ళు ఇరుగుపొరుగు కారా?

కొరియా సీరియల్స్ ఇప్పుడు మన ఆడపిల్లలకి ఇంటి సీరియల్సే అయిపోయాయి. వాళ్ళ పుణ్యమా అని నేనూ ఒకటి చూశాను. పేరు 'హ్యాపీనెస్'. 2021లో వచ్చింది, 12 భాగాలు. పేరుకే ఆనందం! కొత్తగా కట్టిన పెద్ద అపార్ట్‌మెంట్. పై అంతస్తుల్లో సొంతదారులు, కింది అంతస్తుల్లో అద్దెవాళ్ళు. ఇంతలో ఓ అంటురోగం. సోకినవాళ్ళు దాహంతో పిచ్చెక్కి పక్కవాళ్ళ మీద పడతారు. సైన్యం వచ్చి బిల్డింగ్ మూసేస్తుంది. ఇక లోపలివాళ్ళు లోపలే.

చూస్తున్నంతసేపూ నన్ను భయపెట్టింది రోగం కాదు, ఇరుగుపొరుగు. సొంతదారుల మాటే చెల్లాలని పట్టుబట్టేవాళ్ళు, అద్దెవాళ్ళని చిన్నచూపు చూసేవాళ్ళు. ఆ గుణాలు రోగంతో పుట్టినవి కావు. ముందునుంచీ ఉన్నవే. తలుపులు మూసుకున్నాక బయటపడ్డాయి, అంతే.

ఎక్కడో కొరియా కథ, మనకెందుకులే అంటారా? 2020 మార్చి 25 గుర్తు చేసుకోండి. శార్వరి ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. దొరికిన వేపపూతతో పచ్చడి చేసుకుని మనం తలుపులు వేసుకున్నాం. ఆ రోజే, మా లక్డీకాపూల్‌కి కాస్త దూరంలో అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, పంజాగుట్టల్లో ఎన్నో హాస్టళ్ళవాళ్ళు పిల్లల్ని ఖాళీ చేయమన్నారు. కోచింగులకీ ఉద్యోగాలకీ వచ్చిన పిల్లలు బ్యాగులు పట్టుకుని, పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసు దొరికి బయల్దేరినవాళ్ళని ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. వెనక్కి వద్దామంటే హాస్టల్ లేదు, ముందుకు పోదామంటే దారి లేదు. హాస్టళ్ళు ఖాళీ చేయించవద్దని తెలంగాణ ప్రభుత్వం చెప్పేసరికే చాలామంది రోడ్డు మీద ఉన్నారు.

డాక్టర్ల సంగతీ అంతే. మార్చి 22న బాల్కనీల్లో నిలబడి వాళ్ళ కోసం చప్పట్లు కొట్టాం. రెండు రోజులకే, ఇంటి ఓనర్లు వైద్య సిబ్బందిని ఖాళీ చేయమంటున్నారని ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్ల సంఘం కేంద్ర హోంమంత్రికి ఉత్తరం రాసింది. చివరికి ఏప్రిల్ 22న ఆర్డినెన్స్ తెచ్చి, వాళ్ళని ఉన్నచోట వేధించినా నేరమేనని చెప్పాల్సి వచ్చింది.

మా చుట్టుపక్కలంతా ఆస్పత్రులే. నిలోఫర్, ఎంఎన్‌జె క్యాన్సర్ ఆస్పత్రి, అటు పంజాగుట్టలో నిమ్స్. అక్కడ పనిచేసే నర్సులు, ఆయాలు మన సందుల్లోనే అద్దెకుంటారు. మన బిడ్డకి అర్ధరాత్రి సెలైన్ ఎక్కించేది వాళ్ళే కదా!

భయపడటం తప్పా అంటే కాదు. ముసలి అత్తగారినో, పసిబిడ్డనో పెట్టుకున్న ఇల్లాలు జంకుతుంది. ఒక్కో గదిలో నలుగురేసి ఉంటే హాస్టల్ నడిపే ఆవిడకీ గుండె దడే. నా బాధల్లా ఒకటే. భయం అందరిదీ అయినప్పుడు గేటు దాటించేది మాత్రం మాట చెల్లనివాళ్ళనే. సొంతదారుకి జ్వరమొస్తే గదిలో పడుకోమంటాం. అద్దెవాళ్ళకొస్తే ఇల్లు ఖాళీ చేయమంటాం. ఇదెక్కడి న్యాయం?

అద్దెకున్నవాళ్ళు నెలనెలా మెయింటెనెన్స్ కడతారు. అసోసియేషన్ మీటింగులో మాత్రం వాళ్ళకి కుర్చీ ఉండదు. మనకి మాత్రం ఉందా? మగవాళ్ళు వెళ్తారు, మనం కాఫీలు పంపిస్తాం. ఈసారి మనమే వెళ్దాం, అద్దెకున్నావిడనీ వెంటబెట్టుకుని. జబ్బొచ్చినా, వరదొచ్చినా ఎవరినీ ఖాళీ చేయించకూడదని రిజిస్టరులో రాయిద్దాం. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళెవరు, రోజూ మందులు మింగేదెవరు, రాత్రి డ్యూటీ ఎవరికి, అన్నీ ఓ కాగితం మీద పెడదాం. జబ్బు పడ్డ ఇంటికి, వాచ్‌మన్ పిల్లలకి అన్నం పంపే వంతులు ఇప్పుడే అనుకుందాం. గేటు మూశాక మాట్లాడుకుంటే ఎవరి బుర్రా పనిచేయదు.

కూరలోకి కరివేపాకు అయిపోతే పక్కింటి తలుపు తడతాం. ఆ ఇల్లు వాళ్ళు కొనుక్కున్నదా, అద్దెదా అని అప్పుడు అడుగుతామా? కష్టమొచ్చినప్పుడు మాత్రం ఆ తేడా ఎందుకు గుర్తుకు రావాలి?