చదివే గొంతుకు వినే చెవి కావాలి

ఏప్రిల్ 23న చివరి గంట కొట్టాక తెలంగాణలో మళ్లీ బడి తలుపు తెరిచేది జూన్ 12న. నడుమ 49 రోజులు. హైదరాబాద్‌లో ఈ రోజులకు ఈత క్లాసులు, కరాటే, బొమ్మల క్యాంపులు ఉంటాయి. మా నిజాంసాగర్ చుట్టుపక్కల ఊళ్లలో యాసంగి కోతలు, వడ్ల కుప్పలు, బీడీల చాటలు ఉంటాయి. అమ్మానాన్నలకు ఊపిరి సలపని కాలం అదే, పిల్లలకు ఏమీ తోచని కాలమూ అదే. ఈ రెంటి నడుమ పిల్లల చదువు జారిపోతోంది. దాన్ని నిలబెట్టడానికి కొత్త పథకాలు అక్కర్లేదు. బడి బీరువాలో ఉన్న పుస్తకాలు, వాకిట్లో కూర్చున్న తల్లులు చాలు. ప్రాథమిక పాఠశాల టీచరుగా ఉద్యోగమంతా ఈ ప్రాంతంలోనే చేసి రిటైరైన దానిగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

రెండో తరగతి దాటుతున్న పిల్ల గుణింతాలు ముగించి వత్తుల దగ్గరికి వస్తుంది. అమ్మ, అక్క, పువ్వు వరకు హాయిగా చదువుతుంది. ఉష్ణోగ్రత, స్వాతంత్ర్యం అనే మాటల దగ్గర నాలుక తడబడుతుంది. ఆ తడబాటు రోజూ చదివితేనే పోతుంది. సరిగ్గా అప్పుడే సెలవులు వస్తాయి. జూన్‌లో బడికొచ్చిన పిల్ల ముందు పుస్తకం పెడితే, మార్చిలో గడగడా చదివిన పాఠాన్నే కూడబలుక్కుంటూ చదువుతుంది. ఇది ఆ పిల్ల తెలివి తక్కువై కాదు. వాడని చదువు ఎవరినైనా వదిలిపోతుంది.

కరోనా వల్ల బడులు మూతపడ్డ ఏడాది ఏం జరిగిందో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ 5 రాష్ట్రాల్లో 16 వేల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2021లో చెప్పింది. అంతకుముందు వచ్చిన భాషా సామర్థ్యాల్లో కనీసం ఒకదాన్ని 92 శాతం పిల్లలు పోగొట్టుకున్నారు. ఏడాది మూతకూ ఏడు వారాల సెలవుకూ సాపత్యం లేదు. అయినా నష్టం జరిగే దారి ఒకటే. ఇంట్లో పత్రిక వచ్చే పిల్లలకు, అడిగితే కథల పుస్తకం కొనిచ్చే తండ్రి ఉన్న పిల్లలకు ఈ నష్టం తక్కువ. పాఠ్యపుస్తకం తప్ప అచ్చు కాగితం లేని ఇళ్ల పిల్లలకు ఎక్కువ. బడి నడిచే రోజుల్లో ఇద్దరికీ టీచర్ ఒక్కరే. సెలవుల్లోనే వాళ్ల మధ్య ఎడం పెరుగుతుంది.

దీనికి మందు ట్యూషన్ అనుకుంటాం. ఈ విషయంలో అమెరికాలోని ఫ్లోరిడాలో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ అనే పరిశోధకులు చేసిన పని చూడాలి. పేద పిల్లలు చదివే బడుల్లో ఒక్కొక్కరికి వేసవికి 12 పుస్తకాల చొప్పున వరసగా మూడు వేసవులు ఇచ్చారు. పాఠం చెప్పలేదు, పరీక్ష పెట్టలేదు. ఏ పుస్తకాలు కావాలో పిల్లలనే ఏరుకోమన్నారు. పుస్తకాలు అందని పిల్లల కంటే వీళ్లు చదవడంలో ముందుకు వెళ్లారు. అందరికంటే పేద పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో నాకు నచ్చింది పుస్తకాల లెక్క కంటే, పిల్లలను ఏరుకోనివ్వడం. దయ్యాల కథ కావాలనే పిల్లవాడికి దయ్యాల కథే ఇవ్వాలి. నీతి కథ చేతిలో పెడితే రెండో పేజీ దాటడు.

మా దగ్గర ఏరుకోవడానికి పుస్తకాలు లేవా? ఉన్నాయి. దాదాపు ప్రతి బడిలో హెడ్మాస్టర్ గదిలో ఒక ఇనుప బీరువా ఉంటుంది. అందులో పాత రిజిస్టర్ల కింద, అట్లాసుల వెనక, పల్చటి రంగుల పుస్తకాలు కొత్త వాసన పోకుండా ఉంటాయి. నేషనల్ బుక్ ట్రస్ట్‌వి ఉంటాయి, ప్రథమ్ వాళ్లవి ఉంటాయి, అక్కడక్కడా 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేసిన కథలు ఉంటాయి. అవి బయటికి రాకపోవడానికి కారణం సోమరితనం కాదు. ప్రతి పుస్తకం స్టాక్ రిజిస్టర్‌లో నంబరుతో ఎక్కి ఉంటుంది. పోతే ఎవరు జవాబు చెప్పాలి? చిరిగితే ఎవరు కట్టాలి? ఆ భయంతో తాళం పడుతుంది. పోకుండా కాపాడిన పుస్తకాన్ని పిల్లలెవరూ చదవకపోతే, కాపాడినందుకు ఫలం ఏమిటి?

ఇక పుస్తకం ఇంటికి చేరితే సరిపోతుందా? ఒంటరిగా కూర్చుని చదువుకోమంటే చిన్నపిల్లలు చదవరు. వాళ్లకు వినేవాళ్లు కావాలి. అలా వినేవాళ్లు మా ఊళ్లలో ఇంటింటా ఉన్నారు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో బీడీలు చేసే ఆడవాళ్లు వేల మంది. రాత్రి తడిపి గుడ్డలో చుట్టి పెట్టిన తునికాకును పొద్దున్నే కత్తెరతో కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కడతారు. 25 బీడీలు ఒక కట్ట, వెయ్యి బీడీలకు 40 కట్టలు. చేతులకు ఒక్క క్షణం తీరిక ఉండదు. చెవులు మాత్రం ఖాళీ.

మా వాడకట్టులో నాలుగో తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయి తల్లికీ చిన్నమ్మలకూ కథ చదివి వినిపిస్తుంటే చూశాను. చాటలకు దూరంగా, గడప మీద కూర్చుంది. ముసలి రాజు ముగ్గురు కొడుకులకు పరీక్ష పెట్టే కథ. 'నిర్లక్ష్యం' అన్న మాట దగ్గర ఆగిపోయింది. నిర్... ల... అని రెండుసార్లు పట్టి పట్టి పలికింది. అక్షరం రాని చిన్నమ్మ తల ఎత్తకుండానే "నిర్లక్ష్యమే గద బిడ్డా, కానియ్యి" అంది. పిల్ల వేలు ఆ మాట కింద మళ్లీ నడిచింది, ఈసారి గొంతు వేలితో పాటే నడిచింది. కథ సగంలో నీళ్లు తాగడానికి లేస్తే, "ఆగినవేంది? నడిపోడు ఏం జేసిండో చెప్పి పో" అన్నారు అందరూ. ఆ పిల్ల ముఖంలో వెలుగు చూడాలి. బడిలో ఎవరూ ఆమెను అలా అడిగి ఉండరు. బడిలో చదివింది తప్పు దొరకబట్టడానికి వింటాం. ఇక్కడ తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి విన్నారు. చదువు పట్ల ప్రేమ పుట్టేది ఈ రెండో వినికిడి నుంచే.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. కేరళలో కన్నూర్ బీడీ కార్ఖానాల్లో కార్మికులు తమలో ఒకరిని పత్రిక చదవడానికి కూర్చోబెట్టేవాళ్లు. అతను చదువుతుంటే అతని వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టి ఇచ్చేవాళ్లు. బడి ముఖం చూడని వాళ్లు కూడా దేశంలో ఏం జరుగుతోందో అలా తెలుసుకున్నారు. అంతకు చాలా ముందు, 1865లో, క్యూబాలో హవానా చుట్టల ఫ్యాక్టరీలో ఇదే పద్ధతి మొదలైంది. కార్మికులే తమ కూలీలోంచి కొంత ఇచ్చి చదివేవాణ్ని పెట్టుకున్నారు. పొద్దున పత్రికలు, మధ్యాహ్నం నవలలు. వాళ్లకు ఎంతో ఇష్టమైన 'కౌంట్ ఆఫ్ మాంటే క్రిస్టో' పేరు ఒక రకం చుట్టకే స్థిరపడింది. పొగాకు పని చేసే చేతుల పక్కన చదివే గొంతు ఉండడం ప్రపంచానికి తెలిసిన సంప్రదాయం. మన దగ్గర ఆ గొంతు పిల్లలది కావాలని నా కోరిక.

తంబాకు దుమ్ము దగ్గర పిల్లలను కూర్చోబెడతారా అని అడిగేవాళ్లు సరైన ప్రశ్నే అడుగుతున్నారు. పిల్లల చేయి చాటలో పడకూడదు, వాళ్ల ఊపిరిలోకి ఆ దుమ్ము పోకూడదు. గాలి ఆడే వాకిలి, చెట్టు నీడ, ఎడంగా ఒక పీట, అది నియమం. ఇంకో మాట కూడా ఉంది. సెలవుల్లో చాలా ఇళ్లలో ఆడపిల్లను దారం కట్టడానికో ఆకు కత్తిరించడానికో కూర్చోబెడుతున్నారు. చేతిలో పుస్తకం ఉన్న పిల్లకు "ఇది నా పని" అని చెప్పుకోవడానికి ఒక పని ఉంటుంది. ఆమె చదువు తమకూ కాలక్షేపమని తల్లులకు తెలిస్తే కత్తెర చేతికి ఇవ్వరు.

విన్నవాళ్లు ఊరుకోరు, తిరిగి చెబుతారు. రాజు కథ అయిపోగానే ఒక పెద్దమ్మ పాత ఊళ్ల సంగతి ఎత్తుకుంది. నిజాంసాగర్ కట్టినప్పుడు నీళ్లలో మునిగిన ఊళ్ల గురించి తన అత్తగారు చెప్పిన మాటలు. పిల్లలకు ఒక నోటుపుస్తకం ఇచ్చి అవి రాయమంటే అంతకు మించిన హోంవర్క్ లేదు. ప్రాజెక్టు వర్క్ పేరుతో నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించిన బొమ్మల కంటే, అవ్వ చెప్పిన నాలుగు మాటలు తప్పులతో రాసినా అవే ఎక్కువ చదువు.

మా పిల్లలకు ఇంటి ముందరే ఒక గొప్ప పాఠం ఉంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా మన దగ్గరికి వచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ఆనకట్ట అది. దాన్ని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం. పూర్తి మట్టం 1405 అడుగులు, నిండితే సుమారు 17.8 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు. ఇంట్లో వెయ్యి లీటర్ల ట్యాంకు ఎన్నిసార్లు నింపవచ్చో లెక్క కట్టమంటే అయిదో తరగతి పిల్లలు సున్నాలతో మధ్యాహ్నమంతా కుస్తీ పడతారు. నది ఒండ్రు ఎందుకు తెస్తుంది, పేరుకుంటే జలాశయం పట్టు ఎలా తగ్గుతుంది అని అడగడం మొదలుపెడితే సైన్సు అక్కడే ఉంది.

వడ్ల కొనుగోలు కేంద్రం ఇంకో బడి. తేమ 17 శాతం మించితే కాంటా ఎందుకు పెట్టరు? 40 కిలోల బస్తాలు ఎన్నయితే ఒక లారీ? తరుగు ఎంత తీశారు, చిట్టీలో ఎంత రాశారు? చదవగలిగే పిల్ల ఆ చిట్టీని తండ్రికి చదివి చెబితే, చదువు ఇంటికి పనికొచ్చేదని తండ్రికి అర్థమవుతుంది. ఆ తండ్రి వచ్చే ఏడు బడి మాన్పించే ముందు ఆలోచిస్తాడు.

ఎండాకాలం మా పిల్లలకు రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి నీళ్లు. కాలువలు, చెరువులు, మొరం తీసిన గుంతలు. పెద్దవాళ్లు వెంట లేకుండా ఈతకు దిగిన పిల్లలు తిరిగి రాని కబురు మా వైపు దాదాపు ప్రతి వేసవిలో వింటూనే ఉన్నాం. రెండోది ఫోన్. అందులోనూ మంచి ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. కానీ ఇంట్లో ఉండే ఒక్క ఫోన్ పొద్దున తండ్రితో పొలం వెళ్తుంది, రాత్రి వచ్చాక రీల్స్‌కు చిక్కుతుంది. కాగితం పుస్తకం పగలంతా ఇంట్లోనే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం నీడలో చదువు, వినికిడి నడిస్తే పిల్లలు ఆ వేళకు కాలువ గట్టున ఉండరు.

పుస్తకాన్ని జనం దగ్గరికి మోసుకెళ్లిన వాళ్లు మనకు కొత్త కాదు. 1935లో కృష్ణా డెల్టా కాలువల్లో పాతూరి నాగభూషణం పడవ మీద గ్రంథాలయం నడిపారు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగారు. వాళ్లకు చట్టం అండ లేదు, నిధి లేదు. మనకు రెండూ ఉన్నాయి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వెయ్యి రూపాయల పన్ను కడితే 80 రూపాయలు పుస్తకాలకు ఇచ్చినట్టే. ఆ డబ్బును పంచాయతీలు జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చేయాలి. సంస్థ మే నెలలో ఊరికొక పెట్టె పిల్లల పుస్తకాలు పంపాలి, పదిహేను రోజులకోసారి ఒక ఊరి పెట్టె మరో ఊరికి మార్చాలి. పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి, పనిమీద టౌన్‌కు వెళ్లే తల్లి ఆడపిల్లను వెంటబెట్టుకుని గ్రంథాలయం మెట్లు ఎక్కించవచ్చు. హాస్టళ్ల నుంచి సెలవులకు వచ్చిన ఇంటర్, డిగ్రీ పిల్లలు సాయంత్రం ఒక గంట చెట్టు కింద కూర్చుని చిన్నవాళ్లు చదువుతుంటే వినాలి. నేర్పనక్కర్లేదు, వింటే చాలు.

అన్నిటికంటే ముందు బీరువా తాళం తీయాలి. అందుకు విద్యాశాఖ జిల్లా అధికారులు ఒక్క కాగితం ఇవ్వాలి. సెలవులకు పిల్లలకిచ్చిన కథల పుస్తకాలు చిరిగినా, పోయినా హెడ్మాస్టర్ల నుంచి డబ్బు రాబట్టబోమని, వాటిని చదివిన పుస్తకాల కింద లెక్క రాసుకోమని. ఆ కాగితం వస్తే ప్రతి పిల్ల తనకు నచ్చిన ఐదు పుస్తకాలతో ఇంటికి పోతుంది. ఆపై చదవడం పిల్లల పని, వినడం మా ఊరి ఆడవాళ్ల పని. ఆ రెండూ వాళ్లకు వచ్చు.