మన ఇంటి సినిమాకు మాట ఎవరిది?



నేడు సినిమా తీయని ఇల్లు లేదు. పుట్టినరోజుకైనా, గృహప్రవేశానికైనా, ఆఖరికి బోరులో నీళ్ళు పడినా సరే, ఫోటోలూ వీడియోలూ కలిపి, వెనుక ఒక సినిమా పాట తగిలించి బంధువులందరికీ పంపుతున్నాము. దీన్ని ఎగతాళి చేయడానికి నేను కలం పట్టలేదు. తెలుగు సినిమాకు పితామహుడని పేరుపొందిన రఘుపతి వెంకయ్య నాయుడు కూడా మొదట మద్రాసులో ఫోటోలు తీసి బతికినవాడే. నా అభ్యంతరమల్లా ఆ పాటతోనే.

మా వడమాలపేట పక్క సేద్యగాళ్ళ ఇళ్ళలో పాతతరం ఫోటోలు ఇంటికి నాలుగో అయిదో ఉంటాయి. కపిల బావి దగ్గర ఒకటి, పుత్తూరు స్టూడియోలో కుర్చీమీద ఒకటి, పెండ్లి గుంపుది ఒకటి. మా ఇంటి గుంపు ఫోటోలో ముప్పైమంది ఉన్నారు. వాళ్ళ పేర్లు తెలిసింది ఇంట్లో ఒక్క మా అవ్వకే. ఆమెకు ఎనభై దాటింది. ఫోటోకు ఫోటో తీయవచ్చు, వెలిసిన రంగు సరిదిద్దవచ్చు. కానీ "ఈయప్ప మీ తాతకు పెద్దనాయన కొడుకురా, కరువులో ఎద్దుల్నమ్మేసి మద్రాసుకు పొయినోడు మళ్ళా రాలే" అనే మాట ఏ యంత్రం చెప్పగలదు? ఆ మాట ఉండవలసిన చోట మనం పాట పెడుతున్నాము.

ఇప్పటి ఫోన్లు తమంతట తామే సినిమా అల్లి ఇస్తున్నాయి కదా అనవచ్చు. అవి ముఖాలనూ తేదీలనూ చూసి ఏరుతాయి. పాత ఫోటోను ఈ రోజు మళ్ళీ తీస్తే ఫైలులో ఈనాటి తేదీయే పడుతుంది. కనుక 1987లో పోయిన తాత, పోయిన వారం పుట్టినరోజు కేకు పక్కన వచ్చి నిలబడతాడు! (కేకు రుచి ఆయన ఎరుగడు.) తేదీ మార్చి, వరస మనమే పేర్చాలి.

కదలని ఫోటోను ఎక్కువసేపు నిలిపితే ఫైలు పెరుగుతుందని కొందరి భయం. సెకనుకు 25 బొమ్మల లెక్కన ఆరు సెకన్లకు ఒకే బొమ్మ 150 సార్లు రావాలి, నిజమే. కానీ వీడియోను కుదించే పద్ధతి బొమ్మకూ బొమ్మకూ మధ్య మారినదాన్నే ముఖ్యంగా రాసుకుంటుంది. కదలని తాతకు ఖర్చు తక్కువ. ఇక విసుగంటారా? ఫ్రాన్సులో క్రిస్ మార్కర్ 1962లో 'లా జెతే' అనే 28 నిమిషాల చిత్రాన్ని దాదాపు అంతా నిశ్చల ఛాయాచిత్రాలతోనే నడిపాడు. ఒక గొంతు కథ చెబుతుంటుంది. బొమ్మ కదిలేది ఒక్కచోట, ఒక స్త్రీ కళ్ళు తెరిచినప్పుడు. చెప్పే గొంతు ఉంటే చూసేవాడు ఫోటో ముందు కూర్చుంటాడు.

కత్తెర జాలి లేకుండా పడవలసింది వీడియోకే. మూడు గంటల పెండ్లి క్యాసెట్టులో రెండు గంటలు భోజనాల బంతే! అయితే ఆ క్యాసెట్టును ముందు బతికించుకోవాలి. జపానులో ఫునాయ్ కంపెనీ వీసీఆర్ల తయారీ 2016లోనే ఆపేసింది. బీరువాలో క్యాసెట్లున్నవారు, ఆడించే యంత్రం దొరికినప్పుడే కంప్యూటరుకు ఎక్కించుకోవడం మేలు. పాత చదరపు బొమ్మను వెడల్పు తెరకు సాగదీయకండి, మనుషులు లావెక్కుతారు. పక్కల నలుపు వదిలేస్తే నష్టమేమీ లేదు.

"పాట లేకుంటే ఎవడు చూస్తాడ్రా?" అని మా చిన్నాయన వాదన. సరే, చివర పేర్లు వచ్చేచోట పెట్టుకుందాం. కెమెరా పెడితే ముసలివాళ్ళు బిగుసుకుపోతారనేది మాత్రం నిజం. అందుకే కెమెరా వద్దు. అవ్వ చెనిక్కాయలు వొలుస్తున్నప్పుడు ఫోటో చేతికిచ్చి, ఫోనును చాపమీద పెట్టి గొంతు మాత్రం పట్టుకుంటున్నాను. మధ్యలో కోడి అరిచినా తీసేయడం లేదు.

ఇంతవరకు ఆ గుంపులో పందొమ్మిది మందికి పేర్లు దొరికాయి. మిగిలిన పదకొండు మందిలో ఇద్దరు అప్పలాయగుంట వాళ్ళని అవ్వ అనుమానం. ఈ సెలవుల్లో ఫోటో తీసుకుని అక్కడికి పోవాలి.